సగం మందిలో మా అక్క

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. లేకపోతే మా వీధిలో ఎవరిని అడిగినా వాళ్ళే చెప్తారు, కాస్త ఉప్పూ కారం జోడించి మరీ. పెళ్ళి చేసుకున్నాను, రెండేళ్ళు కాపురం చేశాను. నా నోరు ఆయన భరించలేకపోయాడు, ఆయన గురక నేను భరించలేకపోయాను. పెట్టె సర్దుకుని మా అక్క దగ్గరికి వచ్చేశాను. అప్పటికి బావ పోయి ఏడాది. అక్కకు పిల్లల్లేరు, నాకూ లేరు. ఉన్నదల్లా కింద బట్టలుతికే దుకాణం, పైన రెండు గదులు. ఇది ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి మాట.

దుకాణంలో పనులు మొదటిరోజే పంచుకున్నాం. మరకలు అక్కవి, ఇస్త్రీ నాది. ఆమెను అందరూ మరకలమ్మ అంటారు. నన్ను టపాకాయ అంటారు, అదీ నా వెనకాల. మరకల బల్ల కిటికీ పక్కన ఉంటుంది, దాని మీద సీసాలు, మెత్తటి బ్రష్షులు, చల్లనీళ్ళ తొట్టి. ఆ బల్లను నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "నీ చేతికిస్తే మరకతో పాటు బట్టా పోతుందే" అనేది. నిజమే. నాకు రుద్దడమే తెలుసు, అద్దడం రాదు.

అక్క పద్ధతి వేరు. ముందు బట్ట అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలుపుతుంది. అది పట్టా, నూలా, రెండూ కలిపిన దొంగసరుకా అన్నది ఆ వేళ్ళే చెప్తాయి. ఆ తర్వాత బట్ట తెచ్చినవాళ్ళకు మూడు ప్రశ్నలు. ఏం పడింది? ఎప్పుడు పడింది? ఇంట్లో మీరేం చేశారు? మూడో ప్రశ్నకు అందరూ అబద్ధమే చెప్తారు. వేడినీళ్ళు పోసి, సబ్బు పెట్టి, బండకేసి బాదినవాళ్ళు కూడా "ఏమీ చెయ్యలేదండీ" అంటారు. అక్క నవ్వి ఊరుకుంటుంది. నేనైతే ఊరుకోను.

అలాంటి మనిషి తన సొంత మరకల దగ్గర ఏం చేసిందో వినండి.

ఒక సోమవారం పొద్దున ఇంటి దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఇంటి బట్టలు కూడా దుకాణం బట్టల్లాగే మడతపడాలని అక్క పట్టుదల. ఆమె పక్క మీది తెల్లదుప్పటి పరిచి పెట్టె ఆనించేసరికి నడిమధ్యలో అరచెయ్యంత మేర లేత గోధుమరంగు వలయం తేలింది. కంటికి ఆనని మరకలు కొన్ని ఇస్త్రీపెట్టె వేడి తగలగానే బయటపడతాయి.

"అక్కా, ఇదేంటి?"

"టీ ఒలికింది."

"పక్క మీద టీ తాగే అలవాటు నీకెప్పుడొచ్చింది?"

"మొన్న."

ఎవరి చెవిలో పువ్వు పెడుతోంది? పెట్టె కింద టీ ఎలా తేలుతుందో, రక్తం ఎలా తేలుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! అక్కకు అప్పుడు అరవై రెండు. నెలసరి ఆగిపోయి పదకొండేళ్ళు.

"ఎప్పట్నించి?" అన్నాను పెట్టె పక్కన పెట్టి.

"నాలుగు నెలలుంటుంది. ఎప్పుడో ఓసారి, చుక్కా చుక్కా. చల్లనీళ్ళలో వేస్తే పోతోంది కదే."

పోతోంది కదే! అదీ మా అక్క చేసిన ఘనకార్యం. రక్తం కనిపిస్తే ఎవరైనా బెదిరిపోతారు, డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు. మా అక్కకు కనిపించింది రక్తం కాదు, పని. చల్లనీళ్ళు, ఉప్పు, ఆనక సీసాలోంచి రెండు చుక్కలు. ఆరేసి, మడతపెట్టి, పని శుభ్రంగా కుదిరినందుకు లోలోపల మురిసిపోయిందిట కూడా. ఆ మాట తనే చెప్పింది. నేను ఒంటికాలి మీద లేచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. ఎదురుగా ఉన్న తాళాల దుకాణం ఆయన బయటికొచ్చి చూశాడంటే మీరే ఊహించుకోండి.

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. తిండి మధ్యలో లేచొచ్చిన మనిషిలా ఎప్పుడూ హడావిడిగా ఉంటుంది కానీ, మాట్లాడటం మొదలుపెడితే మాత్రం నింపాదిగా మాట్లాడుతుంది. ఆవిడ మూడు ప్రశ్నలే అడిగింది. ఏం కనిపించింది? ఎప్పుడు మొదలైంది? ఇన్నాళ్ళూ మీరేం చేశారు?

"ఏమీ చెయ్యలేదండీ" అంది మా అక్క.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉతకడం సంగతి నేనే చెప్పాను. ఆవిడ మందలించలేదు. అయినా నెలసరి ఆగాక ఒక్క చుక్క కనిపించినా రావాలమ్మా, అని మాత్రం అంది. సన్నటి గొట్టంతో గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజున ఆవిడ కుర్చీ మా ముందుకు జరుపుకుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారంటే విషయం మంచిది కాదని నాకు ఆ రోజే తెలిసింది.

"గర్భసంచి లోపలి పొరకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఒక రకం. అది నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. మీకొచ్చింది అది కాదమ్మా. దీన్ని సీరస్ రకం అంటాం. పదిమందిలో ఒకరికి, నిజానికి అంతకంటే తక్కువమందికే వస్తుంది. దీనికి తొందరెక్కువ. పుట్టినచోట చిన్నగా ఉన్నా, ఈలోపు ఇంకోచోటికి పోయి కూర్చుంటుంది."

అక్క నావైపు తిరిగింది. "అచ్చం మా చెల్లెలేనండీ" అంది.

డాక్టరమ్మ పెదవులు బిగబట్టుకుంది, నవ్వు ఆగక. అక్క పోతే ఎలా అన్న ఆలోచన నాకు మొదటిసారి వచ్చింది ఆ కుర్చీలోనే. యాభై ఆరేళ్ళొచ్చాయి, అప్పటిదాకా ఒక్కసారి కూడా రాలేదు, చూడండి నా తెలివి.

ఆపరేషన్ పొట్ట మీద నాలుగు చిన్న కోతలతో అయిపోయింది. గర్భసంచి, అండాశయాలు, వాటి గొట్టాలు, పేగుల మీద కప్పుకుని ఉండే కొవ్వుపొర, కొన్ని లింఫ్ గ్రంథులు తీశారు. "ఇల్లు మొత్తం ఖాళీ చేయించారే" అంది అక్క కళ్ళు తెరిచి. మూడోరోజుకల్లా నడిచింది. పదోరోజుకు దుకాణంలో కూర్చుని నాకు వంకలు పెట్టింది. గండం గట్టెక్కిందనుకున్నాను.

తీసినవన్నీ పరీక్షించి మళ్ళీ పిలిచారు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయిట, ఒక్క గ్రంథిలో తప్ప. ఆ ఒక్కదానిలో కణాలు దొరికాయి. అందుకని మూడో దశ కింద లెక్క. ఆరుసార్లు కీమో, మూడువారాలకొకటి చొప్పున. ఆ తర్వాత లోపలివైపు మూడు చిన్న విడతల రేడియేషన్. కణాల మీద ఒకలాంటి ప్రొటీన్ ఉంటే దాని మీద పనిచేసే మందు ఇంకోటి కూడా కలపొచ్చుట కానీ, అక్క కణాల మీద అది లేదు.

"ఇందులో కూడా నాకు లోటేనా?" అంది అక్క. ఆ వెంటనే, "నాకు కీమో వద్దండీ" అంది.

నేను తుళ్ళిపడ్డాను.

"ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ.

"నాది మరకల పని. మా పనిలో ఒక కట్టుబాటుంది. కనపడని మరక మీద మందు వెయ్యకూడదు. మరక ఉందో లేదో తెలీకుండా వేస్తే మరక మాటెలా ఉన్నా, బట్ట చివికిపోతుంది. మీరు తీసేశామన్నారు. ఇప్పుడేమీ కనపడటం లేదన్నారు. మరి దేని మీద వేస్తారు?"

"కనపడనంత చిన్నవి ఉంటాయమ్మా. ఈ రకంలో ఉండే అవకాశం ఎక్కువ."

"వేస్తే పదిమందిలో ఎంతమంది ఉంటారు?"

ఆ ప్రశ్న రావడం చూసి నేను బల్ల కింద నుంచి డాక్టరమ్మకు సైగ చేద్దామనుకున్నాను. చెప్పకండి అని. కాలు కదిపాను. సైగ కాస్తా తన్నయింది. ఆవిడ "అబ్బా!" అని మోకాలు తడుముకుని నావైపు ఒక చూపు చూసి, అక్కకే జవాబిచ్చింది.

"మీ దశలో, ఈ వైద్యమంతా తీసుకుంటే, ఐదేళ్ళకి పదిమందిలో సుమారు ఐదుగురు ఉంటారు. ఒకరు అటూ ఇటూ. ఇది అరుదైన జబ్బు కాబట్టి లెక్కలు కూడా కొద్దిమందిని చూసి కట్టినవే. తీసుకోకపోతే ఇంకా తక్కువమంది. ఎంత తక్కువో నేను నిక్కచ్చిగా చెప్పలేను."

"సగం మంది" అంది అక్క. బజారులో ధర విన్నట్టు తలూపింది. "ఆలోచించుకుని చెప్తానండీ."

దారంతా నేను అరుస్తూనే ఉన్నాను. ఆలోచించడానికేముంది, వస్తుందా రాదా, తాడో పేడో ఇప్పుడే తేల్చమన్నాను. బస్సులో ఒకావిడ దిగాల్సిన చోటు దాటిపోయినా మా గొడవ వింటూ కూర్చుంది. ఇంటికొచ్చి బతిమాలాను. ఏడ్చాను. ఏదీ పారలేదు. మా అక్క మొండికేస్తే పర్వతం.

సరే, నాకూ మొండితనం లేదా? ఇస్త్రీ బంద్ పెట్టాను. "నువ్వు మందు వేసుకునేదాకా నేను పెట్టె ముట్టుకోను" అని ప్రకటించి పీట మీద కూర్చున్నాను. ఉతికిన బట్టలు గుట్ట పడ్డాయి. నాలుగోరోజుకు గుట్ట నా భుజాల దాకా వచ్చింది. ఆ సాయంత్రం బ్యాండులో బాకా ఊదే ఆయన కోటు కోసం వచ్చాడు. పాపం, గంటలో ఎక్కడో వాయించాలిట. ఇరవై ఏళ్ళుగా మా దగ్గరికే వస్తాడు.

"కోటు ఇస్త్రీ అవలేదు" అన్నాను.

"అయ్యో, ఎలా మరి?"

"నలిగిందే వేసుకోండి. ఊదేది నోటితోనేగా, కోటుతో కాదుగా!"

మాటా మాటా పెరిగింది. ఆయన ఇంకెప్పుడూ ఈ గడప తొక్కనన్నాడు. తొక్కకపోతే మహా బాగు అన్నాను. కోటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కూడా వీధిలోకి వెళ్ళి, ఆయన మలుపు తిరిగేదాకా అరిచి, లోపలికొచ్చాను. అక్క మెట్ల మీద నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో తెలియదు.

"రేపు వెళ్దాం. కీమో వేయించుకుంటాను" అంది.

నా బంద్ ఫలించిందనుకున్నాను. ఆ వారమంతా నా అంత గొప్పది లేదన్నట్టు తిరిగాను.

కీమో గది పొడుగ్గా ఉంటుంది. కిటికీ వరసన ఎనిమిది వాలుకుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక స్టాండు. పొద్దున తొమ్మిదికి సూది పెడితే మధ్యాహ్నం మూడుదాకా చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఆరుగంటలు అక్క ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఆమె కూడా ఎన్నడూ కూర్చోలేదు. రెండోసారికే ఆ గదిలో వాళ్ళందరి బట్టల మరకలూ విచారించింది. పక్క కుర్చీ ఆవిడకు సిరా మరక వదిలించే ఉపాయం చెప్పింది. నర్సు కోటు మీది అయోడిన్ మరక గురించి ఆ నర్సుకే పాఠం చెప్పింది.

మొదటిసారి అయిన పద్దెనిమిదోరోజున జుట్టు దువ్వెనతో పాటు వచ్చేసింది. అద్దంలో చూసుకుని, "తల ఇంత గుండ్రంగా ఉందని అరవై రెండేళ్ళు ఎవరూ చెప్పలేదేంటే?" అంది. మందు పడిన మూడోరోజున ఎముకల్లో నొప్పులు. నోటికి ఏది పెట్టినా ఇనుపముక్క నాకినట్టుందనేది. ఆ రోజుల్లో మంచం మీంచి లేచేది కాదు, మాట్లాడేది కాదు. నేను జావ కాచి పక్కన పెట్టి, తాగు తాగు అని ప్రాణం తీసేదాన్ని. వారం తిరిగేసరికి లేచి కిందికొచ్చి, నేను మడిచిన చొక్కాలన్నీ విప్పించి మళ్ళీ మడిపించేది. అమ్మయ్య, మా అక్క మళ్ళీ వచ్చింది అనుకునేదాన్ని.

ప్రతిసారీ సూది పెట్టేముందు నర్సు ఒక కాగితం చూస్తూ అడిగేది. వాంతులు? జ్వరం? వేళ్ళలో తిమ్మిరి, మొద్దుబారడం? చివరిదానికి అక్క జవాబు ఎప్పుడూ ఒకటే. "లేదమ్మా."

నేను పక్కనే కూర్చుని విన్నాను, నాలుగుసార్లూ. లేదన్న మాట నమ్మాను కూడా. గౌను గుండీలు పెట్టమని నన్ను పిలిస్తే, భుజం నొప్పేమో అనుకున్నాను. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటే, చలేస్తోందేమో అనుకున్నాను. దుకాణంలో గుండుసూదులు కిందపడుతుంటే, నేలంతా ఏంటిది అని తిట్టాను. ఊరందరి అబద్ధాలూ పసిగడతానని విర్రవీగేదాన్ని, ఇంట్లోది కనిపెట్టలేకపోయాను.

నాలుగో కీమో అయిన మూడోవారంలో ఒక టీచరమ్మ తెల్లపట్టు చొక్కా తెచ్చింది, కాలరు మీద లిప్‌స్టిక్. అక్కకు అది పది నిమిషాల పని. నేను ఇస్త్రీ చేస్తూ చూస్తున్నాను. అక్క అద్దడం లేదు, రుద్దుతోంది. నాలాగా. ఎంత గట్టిగా నొక్కుతోందో తనకే తెలియడం లేదు. ఆపమనేలోపే కాలరు చివికి, బ్రష్షు వెంట్రుకలు అవతలికి వచ్చాయి.

అక్క ఆ కన్నం చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె చేతిలో బట్ట పాడవడం అదే మొదలు. నేను అరవలేదు. అరవబుద్ధి కాలేదు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"రెండోసారి నించి కొంచెం. ఇప్పుడు మణికట్టు దాకా. చేతులకి మందపాటి తొడుగులు వేసినట్టుందే. అరికాళ్ళు కూడా."

"మరి అడిగితే లేదంటావేం?"

"ఎల్లుండి కూడా లేదనే చెప్తాను. నువ్వు నోరెత్తావంటే ఊరుకోను." ఆ మాట తేలు కుట్టిన దొంగలా గొణగలేదు, కళ్ళెర్రజేసి చెప్పింది. "ఉందని చెప్తే మందు తగ్గిస్తారు. పక్క కుర్చీ ఆవిడకి తగ్గించారు."

రెండురోజులు నాలో నేను కొట్టుకు చచ్చాను. చెప్తే మందు తగ్గుతుంది, సగం మందిలోంచి అక్క జారిపోతుందేమో. చెప్పకపోతే ఆ వేళ్ళు ఇక రావేమో. వేళ్ళు లేకపోయినా అక్క ఉంటే చాలదా? చాలు. నాకైతే చాలు. కానీ ఆ కన్నం చూసుకున్నప్పటి ఆమె మొహం నేను చూశాను కదా. ఎటూ పాలుపోక, ఐదోసారి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక పట్టు రుమాలు, ఒక నేలగుడ్డ పడేసుకున్నాను.

ఆ రోజు కీమోకి ముందు డాక్టరమ్మే చూసింది. కాగితం తీసి అడిగింది. వాంతులు, జ్వరం, వేళ్ళలో తిమ్మిరి?

"లేదండీ" అంది అక్క.

నేను సంచిలోంచి రెండు గుడ్డలూ తీశాను. "అక్కా, కళ్ళు మూసుకో."

"ఏంటే ఈ తమాషా?"

"మూసుకో. ఇందులో పట్టేదో చెప్పు, ఇంకేమీ అడగను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఆవిడ చూస్తోంది కాబట్టి అక్క కాదనలేకపోయింది. కళ్ళు మూసుకుని, రెండు గుడ్డల అంచులూ రెండు చేతులతో పట్టుకుని నలిపింది. మా అమ్మ పోయిన రోజున కూడా అక్క మొహంలో అంత భయం నేను చూడలేదు. మళ్ళీ నలిపింది. చెంపకు ఆనించుకోబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి నేలగుడ్డ ముందుకు చాపి, "ఇది" అంది.

కళ్ళు తెరిచి చేతిలో ఉన్నది చూసుకుంది.

"దొంగముండా" అంది నన్ను, చాలా చిన్నగా. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి గబగబా మాట్లాడింది. "ఉందండీ, మొద్దుబారడం ఉంది. ఉంటే ఉండనివ్వండి. వేళ్ళు పోతే పోనివ్వండి. మందు మాత్రం తగ్గించొద్దు. నేను ఉండాలి."

"మొదట్లో వద్దన్నది మీరే కదమ్మా" అంది డాక్టరమ్మ.

"అప్పుడు నాకు తెలీలేదు. దీని సంగతి మీకు తెలీదండీ. దీనికి కోపమెక్కువ. వీధిలో అందరితోనూ పోట్లాడుతుంది. ఆ రోజు బ్యాండాయనతో పోట్లాడితే ఆయన వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అందరూ అంతే, వెళ్ళిపోతారు. పోట్లాడాక కూడా దీనితో మళ్ళీ మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. నేను పోతే ఇది ఎవరితో మాట్లాడుతుంది, చెప్పండి?"

నా బంద్ కాదుట. నేను గెలవలేదుట. నేనేదో మా అక్కను చెయ్యి పట్టుకుని బతుకులోకి ఈడుస్తున్నాననుకున్నాను కదా, ఆవిడ మూడునెలలుగా ఆ విషం ఎక్కించుకుంటున్నదీ, వేళ్ళు వదులుకుంటున్నదీ నాకోసమట. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చేతికందిన గుడ్డలో మొహం పెట్టుకుని బావురుమన్నాను. అది నేలగుడ్డ.

డాక్టరమ్మ నా చేతిలోంచి ఆ గుడ్డ తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత చెప్పింది, మామూలు గొంతుతో. "అమ్మా, మీకిస్తున్నవి రెండు మందులు. నరాల్ని దెబ్బతీసేది అందులో ఒకటి. దాని బదులు దాని వరసదే ఇంకోటి ఇస్తాం, నరాల్ని ఇంతగా పట్టదు. ఆరుసార్లూ పూర్తవుతుంది. మీరు సగం మందిలోంచి పడిపోరు. మొదటిసారే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"అదేదో ముందే చెప్పొచ్చుగా!" అన్నాను నేను, ముక్కు చీదుకుంటూ.

"అడిగినప్పుడల్లా లేదంటే ఎలా చెప్పను?" అంది ఆవిడ.

మందు మార్చారు. ఐదోదీ ఆరోదీ అయ్యాయి, రేడియేషన్ అయింది. తర్వాత తీసిన స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. "కనిపించలేదు అంటే లేదని కాదు కదండీ?" అని అక్కే అడిగింది. కాదు అంది డాక్టరమ్మ. మూడునెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, మధ్యలో చుక్క కనిపించినా, పొట్ట ఉబ్బినా, ఉతకడాలూ ఆరెయ్యడాలూ మాని నేరుగా రావాలి అంది.

వేళ్ళు ఏడాదికి సగం తిరిగొచ్చాయి, అంతే. అరికాళ్ళు ఇప్పటికీ మొద్దే. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. మరకల బల్ల దగ్గర ఇప్పుడు నేను నిలబడుతున్నాను. అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అద్దు, అద్దవే, ఎవరి పీక నులుముతున్నావు?" అని అరుస్తుంది. రెండు కోట్లు పాడుచేశాను. మూడోది బాగుచేశాను. బ్యాండాయన ఇంటికి నేనే వెళ్ళాను, అక్క పంపింది. క్షమించమని అడిగే మాటలు నా నోట్లో తిరగలేదు. "కోటుంటే ఇవ్వండి, ఇస్త్రీ చేసిస్తా" అన్నాను. ఇచ్చాడు.

రెండేళ్ళ మూడునెలల పాటు మూడేసి నెలలకు వెళ్ళాం. వెళ్ళాల్సిన రోజు ఇంకో వారం ఉందనగానే నాకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, తాళాల దుకాణం ఆయనతో తగువు పెట్టుకుంటాను. ఆయనకు కూడా అలవాటైపోయింది. "చెకప్ దగ్గర పడిందామ్మా?" అంటాడు.

మొన్న వెళ్ళాం. డాక్టరమ్మ అక్కను పరీక్షించింది, రక్తం చూసింది, కాగితాలు తిరగేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకోలేదు. ఉన్నచోటి నుంచే, "బావున్నారు. ఇక మీరు ఆర్నెల్లకోసారి వస్తే చాలు" అంది.

ఇన్నాళ్ళూ మూడునెలలు, మూడునెలలు అని లెక్కపెట్టుకుంటూ బతికాం. మూడునెలలయితే ఊపిరి బిగబట్టుకుని ఉండొచ్చు. ఆర్నెల్లు ఎవరివల్ల అవుతుంది?

"అదెలా కుదురుతుందండీ?" అని లేచాను. "మధ్యలో ఏదైనా అయితే ఎవరిది పూచీ? ఈ జబ్బుకి తొందరెక్కువని మీరే అన్నారు. వద్దు, మాకు మూడునెలలు చాలు. మూడునెలలే రాయండి."

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళకు పట్టు తెలియదు ఇప్పుడు, అందుకే నొప్పి పుట్టేలా పట్టుకుంది. నన్ను కుర్చీలోకి లాగింది.

"ఆవిడ ఆర్నెల్లు ఇస్తానంటే మూడునెలలు చాలంటావేంటే పిచ్చిమొహమా" అంది. "తీసుకో."

తీసుకున్నాను.